పెళ్ళి క్యాసెట్ డిస్కు మీదికి ఎక్కేదాకా



ఈ పాఠంలో మనం ఒక ఇంటిపని గురించి మాట్లాడుకుందాం. మీ ఇంట్లో బీరువా పైఅరలో కొన్ని వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉండే ఉంటాయి. అమ్మానాన్నల పెళ్ళి, అక్క ఓణీల వేడుక, తాతయ్య షష్టిపూర్తి. ఆ షష్టిపూర్తి రోజున తాతయ్య మైకు పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడి ఉంటారు. ఆయన ఇప్పుడు లేకపోతే ఆ గొంతు ఆ టేపు మీద తప్ప ఇంకెక్కడా లేదు. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీకి జిగురుతో అంటించిన అయస్కాంతపు పొడి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ జిగురు చెడుతుంది, ముద్రపడిన సంకేతం బలహీనపడుతుంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్ళలో బూజు కూడా పడుతుంది. పైగా టేపును ఆడించే యంత్రాలు కొత్తవి ఇక రావు. చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని ఆపేసింది.

అందుకే ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని పిలిచి, ‘నీకు కంప్యూటర్ వచ్చు కదా, దీన్ని డిస్కు మీదికి ఎక్కించు’ అంటారు. మీరు రాత్రంతా కంప్యూటర్ ఆన్ చేసి ఉంచుతారు. తెల్లవారి చూస్తే డిస్కు ప్లేయర్‌లో ఆడదు. ఆడినా మాట ఒకచోట, పెదవుల కదలిక ఇంకోచోట. లేదా బొమ్మంతా గళ్ళు గళ్ళు. అప్పుడు ఎక్కువమంది చేసే పని సాఫ్ట్‌వేర్ మార్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడం. అలా చేస్తే మూడు రాత్రులు పోతాయి, తప్పు మాత్రం దొరకదు.

ఈ పనిలో నాలుగు అంచెలు ఉన్నాయి. టేపులోని సంకేతాన్ని కంప్యూటర్‌లోకి తీసుకోవడం క్యాప్చర్. దాన్ని కుదించడం ఎన్‌కోడింగ్. ప్లేయర్‌కు అర్థమయ్యే అమరికలో పెట్టడం ఆథరింగ్. డిస్కు మీద రాయడం బర్నింగ్. లోపం కనబడ్డది చివరి అంచెలో కాబట్టి తప్పు కూడా అక్కడే జరిగిందనుకోకూడదు. ఒక్కో అంచె చివర ఆగి, బయటికి వచ్చిన ఫైలును ఆడించి చూడండి. హార్డ్ డిస్కు మీద ఉన్నప్పుడే మాట తప్పుతుంటే డిస్కులు ఎన్ని మార్చినా లాభం లేదు.

ముందుగా అసలు కుదించడం ఎందుకో లెక్క వేద్దాం. మన దేశపు పాల్ పద్ధతిలో డీవీడీ బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. చుక్కకు రెండు బైట్ల చొప్పున, సెకనుకు 25 ఫ్రేములు. గుణించి చూడండి, సెకనుకు 2 కోట్ల 7 లక్షల బైట్లు దాటుతుంది. ఒక డీవీడీ మీద పట్టేది 470 కోట్ల బైట్లు. అంటే ఏమీ కుదించకుండా రాస్తే మూడు నిమిషాల 47 సెకన్లకే డిస్కు నిండిపోతుంది. పెళ్ళికొడుకు కారు దిగి పందిట్లోకి రావడానికే అది చాలదు!

కుదించే విద్యకు మూలం బొమ్మను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిని డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణితంతో తూచడం. కంటికి పెద్దగా తెలియని సన్నటి వివరాలను వదిలేస్తే చాలా స్థలం మిగులుతుంది. ఈ గణితాన్ని 1974లో లోకానికి అందించిన వ్యాసం మీద ముగ్గురి పేర్లు ఉన్నాయి. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన విద్యార్థి టి. నటరాజన్, మూడోవారు కామిశెట్టి రామమోహనరావు. ఈ మూడోవారు మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికాలోని ఆర్లింగ్టన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. 2021లో కాలం చేశారు. మీ ఫోన్‌లోని ఫొటోలు చాలావరకు ఈ లెక్క మీదే నడుస్తున్నాయి.

రెండో ఉపాయం, ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయకపోవడం. ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, తరువాతివాటిలో మారినదాన్ని మాత్రమే రాస్తారు. పురోహితుడు మంత్రం చదువుతున్నప్పుడు కదిలేవి పెదవులే కాబట్టి ఖర్చు తక్కువ. ఇప్పుడు తలంబ్రాల ఘట్టం ఊహించుకోండి. వేల గింజలు తలో దిక్కుకు పడుతుంటాయి, ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు మెరుస్తుంటాయి, అందరూ ఒకేసారి కదులుతుంటారు. ముందు ఫ్రేములో ఉన్నది తరువాతి ఫ్రేములో ఉండదు. ఎన్‌కోడర్‌కు ఇంతకు మించిన పరీక్ష లేదు. దాని చేతిలో ఉన్న బిట్లు చాలకపోతే వివరాలను మరీ ఎక్కువగా వదిలేస్తుంది. అప్పుడు ఆ ఎనిమిది చుక్కల గళ్ళు కంటికి కనబడిపోతాయి. మీ డిస్కులో పెళ్ళంతా బాగుండి తలంబ్రాల దగ్గరే గళ్ళు వస్తే డిస్కును అనుమానించకండి, బిట్ రేట్ చాలలేదన్నమాట.

మరి ఎంత బిట్ రేట్ పెట్టాలి? దీనికి ఊహ అక్కర్లేదు. 470 కోట్ల బైట్లను ఎనిమిదితో గుణిస్తే 3,760 కోట్ల బిట్లు. క్యాసెట్ మూడు గంటలదైతే 10,800 సెకన్లు. భాగించండి, సెకనుకు సుమారు 34.8 లక్షల బిట్లు వస్తాయి. ఇందులో ధ్వనికి 2.24 లక్షలు తీసేసి, మెనూలకూ ఇతర సర్దుబాట్లకూ కొంచెం వదిలితే బొమ్మకు మిగిలేది 31 లక్షలు. 720 చుక్కల బొమ్మకు, అందులో తలంబ్రాలకు ఇది ఇరుకే. ఇక్కడ రెండు దారులున్నాయి. క్యాసెట్‌ను గంటన్నర చొప్పున రెండు డిస్కులుగా చేయడం ఒకటి. రెండోది చాలామందికి తెలియదు. డీవీడీ నిబంధనలు 352 చుక్కల వెడల్పును కూడా ఒప్పుకుంటాయి, ఎత్తు 576 అలాగే ఉంటుంది. వీహెచ్‌ఎస్ టేపు మీద అడ్డంగా ఉన్న వివరమే సుమారు 240 గీతల పాటిది. లేని వివరం కోసం 720 చుక్కలు కేటాయించడం ఖాళీ గదికి అద్దె కట్టడం లాంటిది. నా మాట అడిగితే మూడు గంటల వీహెచ్‌ఎస్‌కు ఈ రెండో దారే మేలు. దానితోపాటు రెండు విడతల ఎన్‌కోడింగ్ ఎంచుకోండి. మొదటి విడతలో అది క్యాసెట్ అంతా చూసి కష్టమైన చోట్లు గుర్తుపెట్టుకుంటుంది, రెండో విడతలో మంత్రాల దగ్గర మిగిల్చింది తలంబ్రాలకు ఖర్చుపెడుతుంది. సమయం దాదాపు రెట్టింపు పడుతుంది, పట్టనివ్వండి.

డిస్కు అట్ట మీద 4.7 జీబీ అని ఉంటే విండోస్‌లో 4.38 కనిపిస్తుందే, దుకాణదారు మోసం చేశాడా అని అడుగుతుంటారు. మోసం కాదు. అట్ట మీద లెక్క వెయ్యితో, కంప్యూటర్ లెక్క 1,024తో. మీ ఫైలు 4.5 జీబీ అని కంప్యూటర్ చూపిస్తే అది పట్టదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించే లోపం, మాటకూ బొమ్మకూ పొత్తు కుదరకపోవడం. దీనికి మందు వెతికేముందు రోగం ఏ రకమో చూడాలి. మొదట్లో ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర ఒకచోట తేడా కొలవండి. మూడుచోట్లా అరసెకను తేడాయే ఉంటే అది తేలిక, ధ్వనిని అరసెకను జరిపితే సరి. మొదట్లో ఏమీ లేక చివరికి వచ్చేసరికి పెరిగిపోతుంటే అది వేరే జబ్బు. బొమ్మను ఒక పరికరం, ధ్వనిని కంప్యూటర్ సౌండ్ కార్డు తీసుకుంటుంటే రెండింటి గడియారాలు వేరు. వాటిమధ్య తేడా పదివేలలో ఒక వంతే ఉన్నా మూడు గంటలకు ఒక సెకను దాటిపోతుంది. అందుకే రెండింటినీ ఒకే పరికరం ద్వారా తీసుకోండి. తేడా నెమ్మదిగా కాక ఒక్కసారిగా గెంతినట్టు పెరిగితే, అక్కడ ఫ్రేములు జారిపోయాయి. ఒక్కో ఫ్రేము 40 మిల్లీ సెకన్లు, 25 జారితే సెకను. క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో జారిన ఫ్రేముల లెక్క కనిపిస్తుంటుంది, దానిమీద ఒక కన్ను వేసి ఉంచండి. ఆ సమయంలో వైరస్ తనిఖీలు, ఇతర పనులు ఆపేయండి. టేపు నలిగినచోట జారితే మాత్రం కంప్యూటర్ తప్పు కాదు. అక్కడ టేపు సంకేతమే తడబడుతుంది.

మూడో రకం ఒకటుంది, వినగానే నవ్వొస్తుంది. తాతయ్య గొంతు సన్నబడి, మాటలు పరుగెత్తుతుంటాయి. డీవీడీకి ధ్వని సెకనుకు 48,000 నమూనాలతో ఉండాలి. ఆడియో సీడీలకు, వీడియో సీడీలకు 44,100. ఆ 44,100 నమూనాల ధ్వనిని మార్చకుండా 48,000 అని పేరు మాత్రం తగిలిస్తే దాదాపు తొమ్మిది శాతం వేగంగా ఆడుతుంది, మూడు గంటల ధ్వని పదిహేను నిమిషాల ముందే అయిపోతుంది. క్యాప్చర్ చేసేటప్పుడే 48,000 పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

క్యాప్చర్ ప్రతిసారీ ఒకే సమయానికి ఆగిపోతోందా? ఫైలు సైజు చూడండి. పాత ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు మీద 4 జీబీని మించిన ఫైలు ఉండదు. డీవీ రకం వీడియో సెకనుకు 36 లక్షల బైట్లు తింటుంది కాబట్టి ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా ఆగుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చుకోండి.

కదిలే మనుషుల అంచులు దువ్వెన పళ్ళలా కంప్యూటర్ తెర మీద కనబడితే కంగారు పడకండి. వీహెచ్‌ఎస్ బొమ్మ సెకనుకు 50 అర బొమ్మలుగా ఉంటుంది. సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి. వాటిని ఫీల్డులంటారు. కంప్యూటర్ రెండింటినీ కలిపి చూపిస్తే పళ్ళు కనిపిస్తాయి, ప్లేయర్, టీవీ వాటిని సర్దుకుంటాయి. కానీ టీవీలో కూడా మనిషి అడ్డంగా నడుస్తుంటే ముందుకూ వెనక్కూ వణికినట్టుంటే, ఏ ఫీల్డు ముందో తారుమారైంది. డీవీ ఫైళ్ళలో కింది ఫీల్డు ముందు, ఇతర క్యాప్చర్ పరికరాల్లో తరచుగా పై ఫీల్డు ముందు. పది సెకన్ల ముక్కను రెండు రకాలుగా ఎన్‌కోడ్ చేసి, చెరిపి రాయగల డిస్కు మీద పెట్టి టీవీలో చూడండి. ఏది సరైనదో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అమెరికాలోని బంధువులు ఎప్పుడో పంపిన క్యాసెట్ మీ వీసీఆర్‌లో ఆడకపోయినా, బొమ్మ రంగు లేకుండా ఉరికినా అది ఎన్‌టీఎస్‌సీ టేపు అయి ఉంటుంది. సెకనుకు 25 కాక 29.97 ఫ్రేములు. రెండు పద్ధతులూ ఆడించే వీసీఆర్ సంపాదించి, దాన్ని పాల్‌లోకి మార్చే ప్రయత్నం చేయకుండా ఎన్‌టీఎస్‌సీ డీవీడీగానే చేయండి. ఇంట్లో మార్చితే కదలికలు కుంటుతాయి. మన దగ్గర అమ్మిన డీవీడీ ప్లేయర్లలో చాలావరకు రెండింటినీ ఆడిస్తాయి.

బర్నింగ్‌కు వద్దాం. కంప్యూటర్‌లో ఆడి ప్లేయర్‌లో ఆడని డిస్కును మళ్ళీ కంప్యూటర్‌లోనే తెరిచి చూడండి. వీడియో_టీఎస్ అనే ఫోల్డరు, అందులో ఐఎఫ్ఓ, బీయూపీ, వీఓబీ ఫైళ్ళు ఉండాలి. ఒకే పెద్ద ఏవీఐ ఫైలు కనబడితే మీరు ఆథరింగ్ అంచెనే దాటవేసి డేటా డిస్కు రాశారు. ఫోల్డరు సరిగానే ఉంటే, డిస్కును ఫైనలైజ్ చేశారా అని చూడండి. ఫైనలైజ్ చేయని డిస్కును రాసిన డ్రైవు చదువుతుందిగానీ బయటి ప్లేయర్లు చాలావరకు చదవలేవు.

సినిమా అంతా బాగా ఆడి, చివరి ఇరవై నిమిషాల్లో ఆగి ఆగి నడుస్తుంటే అందులో ఒక ఆధారం ఉంది. డిస్కు మీద రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది. నిండిన డిస్కులో చివరి భాగం బయటి అంచున ఉంటుంది. 16 రెట్ల వేగంతో రాస్తే డిస్కు నిమిషానికి పదివేల చుట్ల దాకా తిరుగుతుంది. చవకరకం డిస్కు ఆ అంచున వణుకుతుంది, రంగుపూత కూడా సమంగా ఉండదు. అదే ఫైలును 4 లేదా 8 రెట్ల వేగంతో మంచి డిస్కు మీద రాయండి. రాశాక సరిచూసే ఎంపికను వదలకండి. 2000 తరువాత వచ్చిన డ్రైవుల్లో సమాచారం అందడం ఆలస్యమైతే లేజర్ ఆగి, తిరిగి అక్కడినుంచే మొదలుపెట్టే ఏర్పాటు ఉంది కాబట్టి, పూర్వంలా కదిలితే డిస్కు పాడవుతుందన్న భయం ఇప్పుడు అనవసరం.

ఒక మాట మధ్యలో చెప్పాలి. ఇదంతా మీ ఇంటి క్యాసెట్ల గురించి. కొన్న సినిమా డిస్కులను నకళ్ళు తీసి పంచడం 1957 నాటి కాపీరైట్ చట్టం కిందికి వచ్చే వేరే సంగతి.

మనం రాసే డిస్కులో సమాచారం ఉండేది ఒక రంగుపూతలో. ఎండ దానికి శత్రువు, కిటికీ దగ్గర పెట్టకండి. పైన బాల్‌పెన్నుతో రాయకండి, కాగితం అంటించకండి. అంటించిన కాగితం వల్ల తూకం చెడి డిస్కు ఊగుతుంది. డిస్కు ఒక్కటే దాచి ఊరుకోవడం కూడా మంచిది కాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవులు కనుమరుగయ్యాయి, రాయదగిన బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. క్యాప్చర్ చేసిన అసలు ఫైలును రెండు హార్డ్ డిస్కులలో, ఒకటి వేరే ఇంట్లో, ఉంచండి. అమ్మమ్మ ప్లేయర్‌లో పెట్టుకుని చూసుకోవడానికి డీవీడీ, దాచుకోవడానికి ఆ ఫైలు.

క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టేముందు దాని కిటికీలోంచి చూడండి. టేపు అంచున తెల్లటి బూజు కనబడితే పెట్టకండి. అది హెడ్డుకు అంటుకుని తరువాతి క్యాసెట్లకు పాకుతుంది, అనుభవమున్న వాళ్ళచేత శుభ్రం చేయించండి. బాగున్న క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కి తిప్పితే అతుక్కున్న చుట్లు విడిపోతాయి. వెనక అంచున ఎడమవైపు ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేయండి, అది లేని క్యాసెట్ మీద వీసీఆర్ రికార్డు చేయదు. పని అయ్యాక క్యాసెట్‌ను పారేయకుండా, పుస్తకంలా నిలబెట్టి తిరిగి బీరువాలో పెట్టండి.