వానలో వేటకు వెళ్ళాలా, మానాలా? – ఒక మిషిగన్ పెన్షనరు లెక్క
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళు ఈ వేదిక మీద నాలుగు మాటలు చెప్పాలన్నది మన సంఘంలో ఆనవాయితీ. నయాగరా జలపాతం గురించి ఇప్పటికి నలుగురు చెప్పారు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి ఆలయం గురించి ఇద్దరు చెప్పారు. నేనూ రెండూ చూశాను, రెండూ బాగున్నాయి. వాళ్ళు చెప్పినదానికి కొత్తగా చేర్చడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుచేత వేరే సంగతి చెబుతాను. అక్కడ ఒక పెద్దమనిషి, మనలాగే పెన్షనరు, వాన పడేలా ఉన్న రోజున విల్లు పట్టుకుని జింక వేటకు వెళ్ళాలా మానాలా అని ఎలా తేల్చుకుంటాడో, అదీ సంగతి.

అటవీశాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసినవాడు వేట గురించి ప్రసంగించడమేమిటని మీకు అనిపించవచ్చు. న్యాయమే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను చంపడం నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు, జింక తెలంగాణకు రాష్ట్ర జంతువు. నేను జీతం తీసుకున్నదే ఆ చట్టం అమలు చేయడానికి. ఆ అభిప్రాయం ఈనాటికీ మారలేదు. అయితే అక్కడి పరిస్థితి వేరు. దక్షిణ మిషిగన్‌లో జింకను తినే తోడేళ్ళు ఏనాడో పోయాయి, జింకలు మాత్రం మొక్కజొన్న చేలు తింటూ ఊళ్ళ మధ్యకు వచ్చేశాయి. ఆ రాష్ట్రంలో ఏటా 50,000కు పైగా వాహనాలు జింకలను గుద్దుకుంటున్నాయి. మా అల్లుడి కారు అద్దానికి కూడా అలాంటి గీత ఒకటుంది. కనుక అక్కడ ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి, ఋతువు నిర్ణయించి వేటాడమంటుంది. విల్లుతో వేట అక్టోబరు 1న మొదలవుతుంది, తుపాకి వేట నవంబరు 15న. 1960 జనవరి 1న గాని ఆ తరవాత గాని పుట్టినవారెవరైనా ముందుగా భద్రతా శిక్షణ పాసవాలి. విల్లయినా తుపాకి అయినా సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరవాత అరగంట దాకానే. ఇన్ని నిబంధనలు చదివేసరికి నాకు మన ఆఫీసు గుర్తొచ్చింది.

2023 అక్టోబరులో మా అమ్మాయి దగ్గర మూడు నెలలున్నాం. పక్కింటాయన కార్ల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. అరవై ఏడేళ్ళు. నేను అడవిలో ఉద్యోగం చేశానని తెలిశాక రోజూ సాయంత్రం గ్యారేజీలోకి పిలిచి కుర్చీ వేసేవాడు. ఆయన తండ్రి వాడిన విల్లు అక్కడ గోడకు తగిలించి ఉంది. ఫ్రెడ్ బేర్ అనే ఆయన మిషిగన్‌లోనే గ్రేలింగ్ అనే ఊళ్ళో నడిపిన కార్ఖానాలో తయారైన విల్లు అది. ఇప్పుడు ఆయన వాడేది చక్రాల విల్లు. రెండు చివరలా కప్పీలుంటాయి. మిసోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ అనే ఆయన కనిపెట్టి 1969లో పేటెంటు పొందాడు. నారి పూర్తిగా లాగాక చేతి మీద ఉండే బరువు ఐదోవంతుకు పడిపోతుంది. యాభై పౌండ్ల విల్లు లాగినా పట్టుకుని ఉండవలసింది పది పౌండ్లే. లేకపోతే ఆ వయసులో భుజం పట్టేస్తుంది.

ఇక వాన. మనకు తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత అని ఎన్ని మాటలున్నాయో! ఆయన భాషలో అన్ని మాటలు లేకపోయినా లెక్కలో అన్ని తేడాలూ ఉన్నాయి. తుంపర ఆయనకు ఇష్టం. ఎండుటాకులు తడిసి అడుగుల చప్పుడు వినపడదు. జింకకు కూడా సన్న తుంపర అంటే లెక్క లేదు, శీతాకాలపు బొచ్చు అప్పటికే వచ్చేసి ఉంటుంది గనుక ఒళ్ళు తడవదు, మామూలుగానే మేస్తుంది. గాలితో కూడిన జడివానలో మాత్రం దట్టమైన పొదలు చూసుకుని పడుకుంటుంది. వాన వెలిసిన గంట అన్నిటికన్నా మంచిది. దాక్కున్న జింకలన్నీ ఒక్కసారి లేచి మేతకు వస్తాయి. ఇదంతా మన నల్లమలలో దుప్పుల దగ్గర నేనూ చూసినదే, ఆశ్చర్యం కలగలేదు.

సామాను ఇబ్బందులు కొన్ని చెప్పాడు. పాతకాలపు బాణాలకు టర్కీ కోడి ఈకలు కట్టేవారు, అవి తడిస్తే అణిగిపోయి బాణం దారి తప్పేది. ఇప్పుడు ప్లాస్టిక్ రెక్కలు వచ్చాయి. నారిలో గురి చూసుకోవడానికి సన్న రంధ్రమొకటి ఉంటుంది, దానిలో నీటిబొట్టు నిలిస్తే అవతల ఏమీ కనపడదు. చెట్టు మీద కట్టుకున్న ఇనుప మంచె మెట్లు తడికి జారతాయి. నడుముకు పట్టీ కట్టుకున్నా సరే, వాన రోజున చెట్టెక్కడానికి వీల్లేదని ఆయన భార్య ఉత్తర్వు. అందుకని అలాంటి రోజుల్లో నేలమీద గుడ్డ గుడారంలో కూర్చుంటాడు. ఉరుము వినపడితే అదీ లేదు.

నేననుకున్నాను, ఇంతే కాబోలు, తడుస్తామా లేదా, జారతామా లేదా, జింక వస్తుందా రాదా అని. ఒక సాయంత్రం అడిగాను. ఆయన నవ్వి, “ఇవన్నీ నా సంగతులు. అసలు ప్రశ్న బాణం తగిలిన తరవాత మొదలవుతుంది” అన్నాడు.

ఆయన చెప్పింది మీకు వివరిస్తాను. కొంచెం నెత్తుటి మాటలున్నాయి, క్షమించాలి. తుపాకిగుండు దెబ్బకే జంతువు కూలిపోవచ్చు. బాణం అలా చంపదు. ములికి పదునుకు రక్తం పోయి చావాలి. ఊపిరితిత్తులకో గుండెకో సరిగ్గా తగిలితే జింక పరుగెత్తి నిమిషం లోపలే, సాధారణంగా వంద గజాల లోపలే పడిపోతుంది. అయినా సరే వెంటనే వెంబడించకూడదు, అరగంట ఆగాలి. కాలేయానికి తగిలితే నాలుగు గంటలాగాలి. పొరపాటున పేగులకు తగిలిందా, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. ఎందుకాగాలి? దెబ్బతిన్న జింక కొంత దూరం పోయి పడుకుంటుంది. మనిషి అలికిడి లేకపోతే అక్కడే ప్రాణం విడుస్తుంది. తొందరపడి వెంట పడితే లేచి మైలు దూరం పోతుంది, ఇక దొరకదు.

ఎక్కడ తగిలిందన్నది బాణమే చెబుతుంది. లేత రంగు నురగ రక్తమైతే ఊపిరితిత్తి, ముదురు ఎరుపైతే కాలేయం, ఆకుపచ్చగా దుర్గంధముంటే పేగులు. అక్కడినుంచి ఆకుల మీద ఒక్కొక్క నెత్తుటి చుక్క చూసుకుంటూ, చివరి చుక్క కనపడ్డచోట గుర్తు పెట్టుకుంటూ పోవాలి. చాలామంది కొమ్మకు టాయిలెట్ పేపరు ముక్క తగిలిస్తారట, తరవాత దానంతటదే మట్టిలో కలిసిపోతుందని. వానలో అది తగిలిస్తే కొమ్మే మిగులుతుంది. చుక్క రక్తమో, ఆకు మచ్చో తెలియకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ చిలకరిస్తే రక్తమైతే నురగ వస్తుంది. తాడు కట్టిన కుక్కతో వెతకడానికి ఆ రాష్ట్రంలో అనుమతి ఉంది, కొంత వాన తరవాత కూడా కుక్క వాసన పట్టగలదు. కుండపోత తరవాత మాత్రం ఆశ తక్కువ.

ఇప్పుడు చిక్కు చూడండి. ఆగమంటుంది ఒక నియమం. ఆగితే వాన జాడ కడిగేస్తుంది. ఆగకపోతే జింక పారిపోతుంది. రెండు విధాలా ఆ జంతువు ఎక్కడో పొదలో బాధపడి చావాలి, ఎవరికీ దక్కకుండా. కనుక ఈ చిక్కు అడవిలో విప్పడం కుదరదు, ఇంటి దగ్గరే విప్పుకోవాలి. ఆయన గంటగంటకూ వచ్చే వాతావరణ సూచన చూసి వెనకనుంచి లెక్క కడతాడు. అక్టోబరు నడుమ అక్కడ సూర్యాస్తమయం ఏడింటికి పది నిమిషాల ముందు. జింకలు వచ్చేది ఆరూ ఏడూ మధ్య. బాణం ఆరున్నరకు వదిలితే అరగంట ఆగి ఏడింటికి దిగాలి, టార్చిలైటుతో ముప్పావు గంట వెతకాలి. అంటే ఎనిమిది దాకా గట్టి వాన రాకూడదు. ఎనిమిది లోపల వస్తుందంటే విల్లు పెట్టెలోంచి తీయడు. అర్ధరాత్రి వస్తుందంటే వెళతాడు గాని, మామూలుగా ముప్పై గజాల నుంచి కొట్టేవాడు ఆ రోజు పదిహేను గజాలకు తగ్గించుకుంటాడు. దగ్గరైతే పేగులకు తగిలే ప్రమాదం తక్కువ గదా! తెల్లవారేదాకా ఆగవలసిన దెబ్బ ఆ రాత్రికి పనికిరాదు.

ఈ మాట విన్నప్పుడు నాకు మా ఉద్యోగం గుర్తుకు వచ్చి కాసేపు మాట రాలేదు. శ్రీశైలం అడవుల్లో దొంగవేటగాళ్ళు ఏ రాత్రి వచ్చేవారు? వాన రాత్రి. తుపాకి చప్పుడు వానలో కలిసిపోతుంది, అడుగుల గుర్తులు ఉండవు, నెత్తురు కడుక్కుపోతుంది. తెల్లవారి మేం టార్పాలిను కప్పుకుని తిరిగితే దొరికేది ఖాళీ తూటా గొట్టం, అదీ అదృష్టముంటే. జాడ చెరుగుతుందని వాళ్ళు వానను కోరుకునేవారు. సరిగ్గా అదే కారణానికి ఈయన వానను మానుకుంటున్నాడు. నా ముప్పై నాలుగేళ్ళలో వేటగాడనే మాటకు ఈ రెండో అర్థం నాకు ఎదురుపడలేదు.

ఇంకొకటి కూడా తోచింది. దశరథమహారాజు కథ మనందరికీ తెలుసు. శబ్దవేధి బాణం, సరయూతీరం, కుండలో నీళ్ళు నిండే చప్పుడు. అది వర్షాకాలమని వాల్మీకి చెప్పిన సంగతి మనలో ఎంతమంది గమనించామో! అయోధ్యకాండలో మరణశయ్య మీద కౌసల్యకు ఆ పాత సంగతి చెబుతూ, దశరథుడు ముందు వానాకాలం వచ్చిన తీరు చెప్పి, ఆ తరవాతే విల్లు పట్టుకుని వెళ్ళానంటాడు. చీకటి, తడి, కంటికి కనపడని గురి. ఈ కథ మా పక్కింటాయనకు చెప్పాను. శ్రద్ధగా విని, “చూడకుండా కొట్టాడా?” అని మాత్రం అడిగాడు. అవునన్నాను. తల అడ్డంగా ఊపాడు.

ఒక శనివారం నన్నూ రమ్మన్నాడు. బావమరిది పొలం, గంట ప్రయాణం. ఉదయం సూచనలో వాన రాత్రి పదకొండుకని ఉంది. నాకొక రెయిన్‌కోటు ఇచ్చి గుడారంలో మడతకుర్చీ మీద కూర్చోబెట్టాడు. చేను గట్టున గుడారం, ఎదురుగా ఓక్ చెట్లు, సన్న తుంపర. గంటన్నర కదలకుండా కూర్చోవడం నాకు అలవాటే, కాని మోకాళ్ళు అలవాటు తప్పాయి. ఆరూ ఇరవైకి ఒక మగజింక వచ్చింది, ఎనిమిది చీలికల కొమ్ములు. ఇరవై రెండు గజాలు. గుడారంలోంచి దూరం కొలిచే పరికరం చూపించాడు నాకు. నారి లాగాడు. జింక పక్కకు తిరిగి నిలబడింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆ క్షణంలో పడమట ఆకాశం నల్లబడటం ఇద్దరం చూశాం. పదకొండుకు రావలసిన మబ్బు ముందే వచ్చేస్తోంది. ఆయన మెల్లగా నారి వదులు చేసి విల్లు ఒళ్ళో పెట్టుకున్నాడు. జింక ఇంకో పది నిమిషాలు ఓక్ కాయలు ఏరుకు తిని వెళ్ళిపోయింది.

ఏడింటికి వాన అందుకుంది. కారు దగ్గరకు వచ్చేసరికి బూట్లలో నీళ్ళు. దారిలో నేనన్నాను, “సరిగ్గా తగిలేదేమో. అంత దగ్గర.” “తగిలేదేమో” అన్నాడు. మరి మాట్లాడలేదు. ఆ ఋతువులో ఆయనకు అంత పెద్ద కొమ్ముల జింక మళ్ళీ కనపడలేదని తరవాత మా అమ్మాయి చెప్పింది. ఇంటికెళ్ళాక ఆయన భార్య వేడి వేడి సూపు ఇచ్చింది. అందులో మాంసం లేదని రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చింది, పాపం.

తరవాతి బుధవారం తెల్లవారుజామునుంచి ముసురు. మధ్యాహ్నం మూడింటికి వెలిసింది. ఇక రాత్రి తొమ్మిది దాకా లేదని సూచన. నేను కిటికీలోంచి చూస్తుండగానే ఆయన కారు బయటికి తీశాడు. నన్ను పిలిచాడు గాని ఆ రోజు మోకాళ్ళు ఒప్పుకోలేదు. రాత్రి ఎనిమిదింటికి ఫోను చేశాడు. ఒక ఆడజింక, పద్నాలుగు గజాలు, అరగంట ఆగి వెళితే అరవై గజాల్లో దొరికింది. అక్కడి పద్ధతి ప్రకారం వెంటనే దానికి చీటీ కట్టాలి, 72 గంటల లోపల ఇంటర్నెట్‌లో వివరం నమోదు చేయాలి. ఆ నమోదు చేయడం మా మనవడి సాయంతో నేనే చూశాను. ఏ జిల్లా, ఏ తేదీ, ఆడదా మగదా అన్నీ అడుగుతుంది. మన రిజిస్టర్ల కన్నా నయం, కార్బను కాగితం అక్కర్లేదు.

తొమ్మిదింబావుకు మళ్ళీ వాన మొదలైంది. అప్పటికి జింక ఆయన గ్యారేజీలో వేలాడుతోంది. మర్నాడు మాంసం పొట్లం ఒకటి మా అల్లుడికి పంపాడు. మాకిద్దరికీ మాత్రం వాళ్ళ తోటలోని ఆపిల్ పళ్ళు ఒక సంచి.