శాలిహుండం కొండ

వంశధార సాగరమును చేరు కళింగపట్టణమునకు పడమరగా, నదికి దక్షిణపుటొడ్డున, శాలిహుండం కొండమీద, 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు కనుగొన్న బౌద్ధారామమున ఇటుక స్తూపములును చైత్యములును శిథిలములయ్యు నేటికిని నిలిచియున్నవి. వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుని గ్రాంథికమున స్మరించుట వింతయే, ఆయన మన్నించుగాక! అచట లభించిన తారా, మారీచీ మున్నగు విగ్రహములలో కొన్నింటిని దూరనగరములకు తరలింపక, కొండచెంతనే ప్రదర్శనశాలయందు నిలుపుట మిక్కిలి యుచితము. ఏలయన, విగ్రహమునుండి చూపు మరల్చిన పల్లెవాసికి, అది వెలువడిన నేలయే కన్నుల కగపడును. ఏటిగట్టున ప్రతి గ్రామమున, బడిలోనో గ్రంథాలయములోనో, ఛాయాచిత్రములతోనైనను ఇట్టి చిన్న ప్రదర్శన యుండవలయును. దున్నునపుడు పాతనాణెమో ప్రతిమయో బయల్పడినచో, దాచుకొనక, కలెక్టరుగారికి తెలియజేయుడు. అది చట్టము విధించిన కర్తవ్యము.