పాము కాటు: తాడు వద్దు, బద్ద కట్టండి

జూనియర్ రెడ్‌క్రాస్, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ లాంటి బృందాల్లో ప్రథమ చికిత్స నేర్పుతుంటారు. మన పల్లెల్లో ఆ పాఠం పాము కాటుతో మొదలవ్వాలంటాను. వానాకాలంలో పొలాలకు వెళ్లే పిల్లలకు మొదట అక్కరకొచ్చేది అదే మరి.

ఇందులో నేర్పించడం కన్నా మాన్పించడం కష్టం. తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో విషం పీల్చడం... సగం సినిమాల చలవే! తాడు బిగిస్తే రక్తం ఆడక కాలే పాడవచ్చు.

కాటు పడ్డ మనిషిని నడవనివ్వకండి. వాపు రాకముందే ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు తీసేయండి. ఎముక విరిగినప్పటిలాగే బద్ద కట్టి, కాలు కదలకుండా చూస్తూ 108కి ఫోన్ చేయండి. ఏ పామో తెలుసుకోవాలని దాని వెంట పడొద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఒకటే.

కట్లపాముతోనే అసలు చిక్కు. నిద్రలో కాటేస్తుంది, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. నేల మీద పడుకున్నవారు తెల్లవారుజామున కడుపునొప్పి అన్నా, రెప్పలు వాలిపోతున్నా, గాటు కనిపించకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.