వేసవి ప్రయాణికుని దుస్తులు

ఏటా ఉగాది దాటగానే మన ఇండ్లలో ఒక సందడి మొదలవుతుంది. బిడ్డలు ఇంగ్లండులోనో ఐరోపాలోనో ఉద్యోగాలలో ఉంటారు. తల్లిదండ్రులు వేసవి రెండు నెలలు వారితో గడపడానికి బయలుదేరుతారు. పెట్టెలలో మొదట చేరేవి ఆవకాయ, గోంగూర, కందిపొడి. విమానంవారు అనుమతించిన బరువులో వాటి వాటా పోగా మిగిలినదానిలో బట్టలు సర్దుతారు. నేను చెప్పదలచినది ఆ మిగిలిన బరువును గురించి.

పరదేశంలో ఏమి కట్టుకోవలెనన్న చింత మనకు కొత్తది కాదు. 1888 సెప్టెంబరులో చదువు కొరకు ఓడ ఎక్కిన మోహన్‌దాస్ గాంధీకి అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. ఓడలో నల్లసూటుతో గడిపి, దిగేటప్పుడు తెల్లబట్టలయితే బాగుంటుందని తెల్ల ఫ్లానెల్ సూటు వేసుకొని ఇంగ్లండు రేవులో దిగినాడు. అది సెప్టెంబరు చివర. ఆ వేషంలో ఉన్నవాడు తానొక్కడే అని దిగిన తరువాతగాని తెలియలేదు. మార్చుకొందామంటే పెట్టె చేతిలో లేదు, మరునాడు ఆదివారం. ఆ సిగ్గును ఆయనే ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. 1931లో అదే మనిషి కొల్లాయితో, శాలువతో బకింగ్‌హాం రాజభవనానికి వెళ్ళినాడు. ఈ రెండింటి నడుమ నలభైమూడేండ్లున్నవి. మన ప్రయాణం రెండు నెలలది కనుక, మనకు ఎక్కువగా పనికివచ్చేది మొదటి అనుభవమే.

ముందుగా వేసవి అన్న మాటను నమ్మకూడదు. జూలైలో రోము నగరంలో పగటి వేడి ముప్పది డిగ్రీలు దాటుతుంది. లండనులో సాధారణంగా ఇరువది మూడు, ఇరువది నాలుగు. సీమ అంటే చలి అని కోట్లు మాత్రమే మోసుకొనిపోయినవారికి 2022 జూలై 19న ఇంగ్లండులో 40.3 డిగ్రీల ఎండ కాసిందని గుర్తుచేయవలె. అక్కడి ఇండ్లలో మనకువలె నెత్తిమీద పంకా సాధారణంగా ఉండదు. కాబట్టి నాలుగు పలుచని నూలుబట్టలు ఎక్కడికయినా వెంట ఉండవలసినవే.

ఇక స్విట్జర్లండు సంగతి. ఇంటర్‌లాకెన్ ఊరు సముద్రమట్టానికి 567 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుంచి మనవారందరూ మోజుపడి చూచే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషను 3454 మీటర్ల ఎత్తున ఉన్నది. 1912లో వేసిన ఆ కొండరైలు పుణ్యమా అని, అల్పాహారం చేసి బయలుదేరినవారు భోజనవేళకు ముందే మంచులో నిలుస్తారు. వెయ్యి మీటర్లు ఎక్కితే రమారమి ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. క్రింద హాయిగా ఇరువది ఉంటే, పైన నీరు గడ్డకట్టే చోటుకు చేరువన ఉన్నామన్నమాట. నూలుచీర, వేలి చెప్పులు, భుజాన సంచి, ఇదీ మన ఆడవారు అక్కడ దిగే తీరు. చీర కుచ్చెళ్ళకు అంటిన మంచు కరుగుతుంది. తడి నూలులో పైకి ప్రాకుతుంది. తడిసిన నూలు త్వరగా ఆరదు. పది నిమిషాలలో కాళ్ళు కొయ్యబారుతాయి. ఉన్ని మేజోళ్ళు, జారని అడుగున్న మూసిన బూట్లు, గాలి చొరనివ్వని పైకోటు, ఈ మూడూ ఉంటే చీరతోనే నిశ్చింతగా తిరగవచ్చు. ఒక దళసరి కోటుకంటె రెండు పలుచని ఉన్ని బట్టలు మేలు. వాటి నడుమ నిలిచిన గాలి ఒంటి వేడిని పోనివ్వదు. రైలు దిగివచ్చేటప్పుడు ఒక్కొక్కటే తీసివేయవచ్చు.

మా అక్కగారి మామగారు చరిత్ర చెప్పిన ఉపాధ్యాయుడు. ఊరిలో పంచె తప్ప ఎరుగరు. "అక్కడ పంచె కడితే అందరూ మిమ్మల్నే చూస్తారు నాన్నా" అని కుమారుడు ఆయనకు మోకాళ్ళపైకి ఉండే నిక్కర్లు కొనిపెట్టినాడు. రోములో సెయింట్ పీటర్ దేవాలయం వద్ద ఎండలో చాలసేపు వరుసలో నిలిచిన తరువాత, ద్వారం దగ్గర కావలివారు ఆయనను ఆపినారు. స్త్రీలయినా పురుషులయినా భుజాలూ మోకాళ్ళూ కప్పుకొని రావలెనని అక్కడి నియమం. మైకెలాంజిలో మలచిన మరియమ్మ విగ్రహాన్ని, కుమారుని దేహం ఒడిలో ఉన్నదానిని, ముప్పదేండ్లు పుస్తకంలో బొమ్మగా పిల్లలకు చూపిన మనిషి ఆయన. సాయంత్రం ఊరు విడిచే రైలు. కుమారుడు తలవంచుకొన్నాడు. అప్పుడు ఆ ఇల్లాలు సంచిలోనుంచి, ఎక్కడయినా కూర్చోవలసివస్తే పరచుకోవడానికి తెచ్చిన పాతపంచెను తీసి, "ఇది చుట్టుకోండి" అన్నది. నిక్కరుమీదనే చుట్టుకొన్నారు. కావలివారు మారుమాట లేక లోపలికి పంపినారు.

తిరువనంతపురం పద్మనాభస్వామి గుడిలో మగవారు పంచె కట్టి చొక్కా విప్పవలె. రోములో భుజం కనబడరాదు. ఏది మర్యాద అన్నది ఆ గుమ్మమే చెప్పవలె. సంచిలో ఒక ఉత్తరీయమో పల్చని శాలువయో ఉంటే చాల గుమ్మాలు దాటవచ్చు.

చివరగా పాదరక్షలు. పాత రోము వీధులు నల్లరాతి పలకలతో పరచినవి. ఎత్తు మడమలు సందులలో దిగబడతాయి. అక్కడ మనం ఇంటివద్ద వారంలో నడిచే నడక ఒక్కపూటలో నడుస్తాం. కొత్త బూటు కరవక మానదు. నెలరోజులు ముందే కొని, ఉదయం పాలు తేవడానికి వాటితోనే వెళ్ళండి. వీధిలోవారు నవ్వితే నాలుగురోజులు నవ్వుతారు.