కారులోని వేగపరిమితి సాధనము
(సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



పెండ్లికో పేరంటమునకో సరిహద్దు దాటని సంవత్సరము మన కుటుంబములలో ఉండదు. హోసూరునుండి కుప్పమునకు, బళ్ళారినుండి గుంతకల్లునకు, బరంపురమునుండి ఇచ్ఛాపురమునకు మన బంధుత్వములు త్రోవల వెంబడినే సాగుచున్నవి. ఒకప్పుడు రైళ్ళలోను బస్సులలోను పోయెడివారము. నేడు అనేకుల యిండ్ల ముంగిట కారు నిలిచియున్నది. కావుననే ఈ దినమున సాహిత్యమును కొంతసేపు ప్రక్కనుంచి, క్రొత్త కారులలో వచ్చుచున్న ఒక సాధనమును గురించి మాటలాడ నిశ్చయించితిమి. విషయము శుష్కమని కొందరికి తోచవచ్చును. కాని 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా అతివేగమునకే బలియైనట్లు కేంద్ర రవాణా మంత్రిత్వశాఖవారి లెక్క.

మొదట ఒక పొరపాటును తొలగింపవలెను. కారు 80 కిలోమీటర్లు దాటినప్పుడు మధ్యమధ్య మ్రోగి, 120 దాటినంతనే ఎడతెగక మ్రోగు హెచ్చరిక 2019 జూలై 1 నుండి మన దేశపు క్రొత్త కారులకు నిర్బంధము. మేము చెప్పబోవునది అది కాదు. ఆ మ్రోతకు రోడ్డు తెలియదు. బడి ముందర 60లో పోవుచున్నను అది నోరు మెదపదు. క్రూయిజ్ కంట్రోల్ అనునదియు వేరే. అది మనము నిర్ణయించిన వేగమును, కాలు తీసినను, నిలుపుకొనుచు పోవును.

ఈ మూడవదానికి మాత్రము చూపు కలదు. ముందరి అద్దము పైభాగమున, అద్దమునకు లోపల నున్న కెమెరా, రోడ్డుప్రక్కన ఎఱ్ఱని వలయములోని అంకెను చదువును. కొన్నిటిలో అది దేశపటముతో సరిచూచుకొనును. పరిమితిని చోదకుని యెదుట చూపును, మించినచో మ్రోగును. కొన్ని కారులలో ఆక్సిలరేటరు కాలిని మెల్లగా వెనుకకు నెట్టును, లేదా ఇంజను బలము తగ్గును. గట్టిగా త్రొక్కినచో మరల మన మాటయే చెల్లును. ఐరోపా యూనియన్ దేశములలో 2022 జూలైనుండి క్రొత్త నమూనాలకును, 2024 జూలైనుండి రిజిస్టరగు క్రొత్త కారులన్నిటికిని ఇది నిర్బంధమైనది. అచ్చట ఆపివేసినను, బండి మరల బయలుదేరదీసినప్పుడు తానై మేల్కొనును. మన దేశమున కొన్ని కారులలో మాత్రమే కలదు. కొన్న బండిలో ఏది యున్నదో పుస్తకమును చూచి తెలిసికొనుట యజమాని విధి.

ఇక మేము నొక్కి చెప్పదలచిన దొక్కటే. ఆ అంకె పోదగిన వేగము కాదు, మించరాని వేగము. పలకమీద 80 ఉన్నను, వాన కురియుచున్న రాత్రి, ఎదుట ఎడ్లబండి పోవుచుండగా, 40యే ఎక్కువ కావచ్చును. అది సాధనమునకు తెలియదు.

అది తప్పు చదువుటయు కలదు. ప్రధానమార్గమున పోవుచుండగా ప్రక్కనున్న సర్వీసురోడ్డు పలకను చదువును. లారీ వెనుక అంటించిన వేగపు అంకెను రోడ్డు పలకగా భ్రమించును. వంతెన పనులు జరుగుచోట నిన్న నిలిపిన తాత్కాలికపు పలక దేశపటమున ఉండదు. ఎండ కంటికెదురైనను, పొగమంచు క్రమ్మినను దాని చూపు మందగించును. ఘాటురోడ్డు దిగునప్పుడు ఇంజను బలము తగ్గినంత మాత్రమున బండి నిలువదు. బ్రేకు మన కాలితోనే వేయవలెను.

దాని చూపును మనమే మూయుటయు కలదు. ఆయుధపూజనాడు బండికి గంధము కుంకుమ పెట్టుట మన ఆచారము, పెట్టుదము. కాని కెమెరా ముందరి అద్దమున బొట్లు పెట్టరాదు. దేవుని పటములు అచ్చట అంటింపరాదు. ఉత్సవములకు గుడ్డపలకలు కట్టువారు రోడ్డు గుర్తుల స్తంభములను విడిచిపెట్టుడని కూడ మనవి. ఇందు మన సంఘమునకు మినహాయింపు లేదు.

భాషను గురించి ఒక మాట. కెమెరా చదువునది అంకె. దానికి కన్నడమైనను, అరవమైనను, ఒడియాయైనను ఒక్కటే. భాషా వివాదము లేని పలక అది యొక్కటియే కాబోలు! అయితే ‘ముందు బడి కలదు’, ‘దారి మళ్ళింపు’ అని స్థానిక లిపిలో వ్రాసిన మాటలను అది మనకు తెలుపదు. ఆంధ్రమునుండి వచ్చిన బావగారో అల్లుడుగారో బండి నడుపుచున్నప్పుడు, ఇచ్చటనే పుట్టి పెరిగి ఆ లిపి నెరిగిన మనవారు ముందరి ఆసనమున కూర్చుండి చదివి చెప్పవలెను. సరిహద్దు దాటినపుడు పరిమితియు మారవచ్చును. 1988 మోటారు వాహనముల చట్టము 112వ సెక్షను ఆయా ప్రాంతములలో వేగమును తగ్గించు అధికారమును రాష్ట్రములకు ఇచ్చినది. సాధనము చెప్పలేదనుట జరిమానాకు సమాధానము కాదు.

లారీని దాటుచుండగా మధ్యలో సాధనము అడ్డుపడినచో ఏమి చేయవలెనని యువకులు అడుగుదురు. గట్టిగా త్రొక్కి దాటవచ్చును. కాని పరిమితి మించినగాని దాటలేమని తోచినచోట దాటుటకే పూనుకొనరాదు. పది కిలోమీటర్ల దూరమును 80 వేగమున ఏడున్నర నిమిషములలో, 100 వేగమున ఆరు నిమిషములలో పోవుదుము. లాభము నిమిషమున్నర. నష్టమో, ఢీకొన్నప్పటి శక్తి ఒకటిన్నర రెట్లకు పైబడును. బ్రేకు మీదికి కాలు పోవు ఆ ఒక్క క్షణములోనే బండి 28 మీటర్లు ముందునకు పోయియుండును.

వెనుక కూర్చుండు పెద్దలకు ఒక విన్నపము. మ్రోత వినబడగానే ‘దానిని ఆపుము నాయనా, తలనొప్పి’ అనుట మన యిండ్లలో పరిపాటి. మ్రోత బదులు వేగము తగ్గింపుమని చెప్పుడు; మ్రోతయు దానంతట అదియే ఆగును. శబ్దమును తగ్గించు వీలు కొన్ని బండ్లలో కలదు. అట్టి మార్పులన్నియు బండి నిలిచియున్నప్పుడే చేసికొనవలెను గాని, నడుచుచుండగా తెరపై వ్రేళ్ళాడింపరాదు. ప్రయాణమునకు ముందు వాడకెరుగని రోడ్డుమీద నొకసారి మెల్లగా నడిపి, ఆ మ్రోత యెట్టిదో, పెడలు వెనుకకు నెట్టుట యెట్టిదో కాలికిని చెవికిని అలవాటు చేసికొనుట మేలు.

ప్రశ్నలు గలవారు ఇప్పుడు అడుగవచ్చును.