ఊపిరి మన చేతిలో ఉంది, న్యాయం అడిగి తెచ్చుకుందాం
(కమలాపురంలో వైద్య విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు మేము చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో భూమి గురించి, కూలి గురించి, శ్మశానం దారి గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మెడిసిన్ చదివే మన పిల్లల పరీక్ష భయం గురించి మాట్లాడదామంటే, 'సీటొచ్చిన పిల్లోళ్లకి ఇంకేం బాధ?' అని కొందరు అడిగినారు. అసలు సంగతి అక్కడే ఉంది. సీటు వచ్చేదాకా పల్లె మొత్తం ఆ పిల్లోని వైపే చూస్తాది. సీటు వచ్చినాక హాస్టల్ గదిలో వాడు తిన్నాడా, నిద్రపోయినాడా అని అడిగేవాళ్లు ఉండరు.

కడపలో 2006లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అంతకుముందు ప్రభుత్వ కాలేజీలో డాక్టరు చదవాలంటే మన పిల్లలు కర్నూలుకో తిరుపతికో పోవలసి వచ్చేది. బస్సు దూరం తగ్గింది గానీ చదువు దూరం తగ్గలేదు. నీట్ పరీక్ష తెలుగులో రాయొచ్చు. లోపలికి పోయినాక పుస్తకం ఇంగ్లీషు, పాఠం ఇంగ్లీషు, వైవాలో అడిగే ప్రశ్న ఇంగ్లీషు. మొదటి ఏడాదే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ మీద పడతాయి. నేషనల్ మెడికల్ కమిషన్ 2023లో పెట్టిన నిబంధనల ప్రకారం ఆ మొదటి పరీక్ష గట్టెక్కడానికి నాలుగు అవకాశాలే ఉన్నాయి.

ఈ భయం మన పిల్లలకు ఒక్కరికే కాదు. అదే కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక చూడండి. సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థుల్లో నూటికి దాదాపు 28 మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పినారు. అగ్రకులాల పిల్లలు, డాక్టర్ల పిల్లలు కూడా ఆ లెక్కలో ఉన్నారు. కాబట్టి 'నాకే ధైర్యం లేదు, నేనే పనికిరాను' అని మన పిల్లోళ్లు అనుకోవలసిన పని లేదు.

రాత్రిపూట చేనికి నీళ్లు కట్టబోతే కాళ్ల దగ్గర పాము కదిలిందనుకోండి. ఏమవుతాది? గుండె దడదడ కొట్టుకుంటాది. నోరు ఎండిపోతాది. కండరాలు బిగుసుకుంటాయి. ఒంట్లో అడ్రినలిన్ అనే రసం ఊరి, పరిగెత్తనన్నా పరిగెత్తు, కొట్టనన్నా కొట్టు అని ఒంటిని సిద్ధం చేస్తాది. వైవా గది ముందు నిలబడిన పిల్లోనికీ జరిగేది ఇదే. అక్కడ పాము లేదు, పరిగెత్తే వీలూ లేదు. రాత్రి చదివింది నోటికి రాదు. చదవక కాదు, బెదిరిన ఒంట్లో జ్ఞాపకం సరిగా పనిచేయదు.

గుండెను నిదానంగా కొట్టుకోమని చెప్తే అది వినదు. ఊపిరి మాత్రం మన మాట వింటాది. ఊపిరి నిదానమైతే గుండె కూడా దాని వెంట నిదానిస్తాది. ఎట్ల చేయాలో ఇప్పుడు ఇక్కడే చేసి చూద్దాం.

వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి. పొట్ట పైకి రావాల. ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. బిగబట్టొద్దు. వదిలేది ఎక్కువసేపు, పీల్చేది తక్కువసేపు. నిమిషానికి ఆరుసార్లు వస్తాది. పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు చాలు. తల తిరిగినట్టుంటే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి.

ఇది స్వాములకు ఫీజు కట్టి నేర్చుకునే విద్య కాదు. ఊపిరి మీద ధ్యాస పెట్టడం బుద్ధుడు చెప్పిన ఆనాపానసతి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందిని నడిపించుకుని పోయింది ఆ బుద్ధుని దగ్గరికే. ఇది మన ఇంటి విద్యే.

రెండోది కండరాలను వదులు చేయడం. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా డాక్టరు దీని మీద 1929లో పుస్తకం రాసినాడు. పడుకుని పాదాల దగ్గర మొదలుపెట్టండి. ఐదు సెకన్లు గట్టిగా బిగించండి, ఒక్కసారిగా వదిలేయండి. అర నిమిషం ఆ వదులును గమనించండి. తర్వాత పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, ముఖం. దెబ్బ తగిలిన చోట, నొప్పి ఉన్న చోట బిగించొద్దు. దినమూ చేసి అలవాటైతే, వైవా గది బయట బల్ల మీద కూర్చుని పిడికిళ్లు బిగించి వదిలినా ఒళ్లు తేలికవుతాది. పరీక్షనాడు కొత్తగా మొదలుపెడితే రాదు. రెండు మూడు వారాల ముందు నుంచే చేయాల.

మూడోది నిద్ర. తెల్లవార్లూ చదివితే గొప్ప అనుకుంటారు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే.

నాలుగోది, ఒక్కరే కూర్చోవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరినొకరు వైవా ప్రశ్నలు అడుక్కోండి. ముందు తెలుగులో చెప్పుకోండి, తర్వాత ఇంగ్లీషులో. తప్పు పలికినా నవ్వని మనుషుల ముందు పదిసార్లు పలికితే పదకొండోసారి పరీక్షకుని ముందు నోరు లేస్తాది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాల. ఊపిరి కసరత్తు భయానికి మందు. అన్యాయానికి అది మందు కాదు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద ప్రొఫెసర్ సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. వైవాలో పరీక్షకులు సూటిగానో డొంకతిరుగుడుగానో కులం అడిగినారని విద్యార్థులు ఆ కమిటీకి చెప్పినారు. 2019లో ముంబైలో ఆదివాసీ బిడ్డ డాక్టర్ పాయల్ తడ్వీని పోగొట్టుకున్నాం. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో పీజీ చదువుతున్న లంబాడా బిడ్డ డాక్టర్ ధరావత్ ప్రీతిని పోగొట్టుకున్నాం. రెండు చోట్లా సీనియర్ల మీద వేధింపుల ఆరోపణలతో, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసులు పెట్టినారు. ఇట్లాంటి చోట పిల్లలకు 'ధ్యానం చేసుకో' అని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోతాదా? దెబ్బ కొట్టినోన్ని వదిలిపెట్టి, దెబ్బ తిన్నోని నరాల బలహీనత అంటే మనం ఒప్పుకుంటామా?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సిలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని చెప్పింది. మార్కులను బట్టి పిల్లల్ని వేరు చేయొద్దని, నలుగురిలో అవమానించొద్దని చెప్పింది. కులం పేరుతో వేధిస్తే గుట్టుగా ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. మీ పిల్లలు చదివే కాలేజీకి పోయినప్పుడు అడగండి: కౌన్సిలర్ ఎవరు? ఏ గదిలో ఉంటారు? ఫిర్యాదు ఎవరికి ఇవ్వాల? ఈ మూడు ప్రశ్నలు అడగడానికి ఇంగ్లీషు రానక్కరలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పరీక్షల ముందు ఫోన్ చేసి 'మన బతుకంతా నీ మీదే నాయనా' అంటాం. ప్రేమతోనే అంటాం. ఆ మాట బండరాయి మాదిరి పిల్లోని గుండె మీద కూర్చుంటాది. దానికి బదులు 'తిన్నావా? నిద్రపోయినావా? తప్పినా మళ్లీ రాసుకోవచ్చు, ఇల్లు నీదే' అనండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా కసరత్తులతో కాలం గడపొద్దు. డాక్టరుకు చూపించుకోండి. రేపు మీరే డాక్టర్లు, ఇందులో సిగ్గేముంది? 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. ర్యాగింగ్ అయితే 1800-180-5522. అన్నింటికంటే ముందు మా దగ్గరికి రండి. అర్ధరాత్రి అయినా తలుపు కొట్టండి.

మీలో ఒక్కరు తెల్లకోటు వేసుకుని మన పల్లె ఆసుపత్రిలో కూర్చుంటే, మన జేజిని ముట్టుకుని నాడి చూసే చెయ్యి ఒకటి పెరుగుతాది. ఆ చెయ్యి మాకు కావాల. ఆ చెయ్యి కంటే ముందు మీరు, ప్రాణాలతో, నవ్వుతూ, మాకు కావాల.

జై భీమ్.