సముద్ర నారికేళము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



కెరటములకు కొట్టుకొనివచ్చి ఇసుకపై నిలిచిన క్రొత్త వస్తువును జూచినపుడు మనుష్యునకు రెండు ప్రశ్నలు పుట్టును. ఇది యేమి? ఇది యెక్కడిది? మొదటిదానికి చేతితో తడవి, కంటితో జూచి కొంత సమాధానము చెప్పుకొనవచ్చును. రెండవదానికి సమాధానము దొరకుటకు ఒక్కొక్కప్పుడు వందలయేండ్లు పట్టును. అట్టి వస్తు వొకదాని చరిత్రయే నేటి ప్రసంగ విషయము. దానిని సముద్ర నారికేళ మందురు. హకీములు దరియాయి నారియల్ అనిరి.

రెండు పెద్ద టెంకాయలను ప్రక్కప్రక్కన జేర్చి యతికించినట్లుండును దాని రూపము. అట్టి కాయలు మాల్దీవుల తీరమునను, హిందూదేశపు తీరములందును ఎప్పుడో యొకటి తేలివచ్చి దొరకుచుండెడివి. నాటిన మొలవవు. ఆ కాయ కాచు చెట్టు నెరిగినవారు ఈ తీరములం దొక్కరును లేరు.

1602వ సంవత్సరమున పిరార్ అను ఫ్రెంచివాడు ప్రయాణము చేయుచున్న ఓడ మాల్దీవుల దగ్గర పగిలిపోయెను. అతడు 1607 వరకు ఆ దీవులలో చిక్కువడి, తరువాత స్వదేశము చేరి తాను జూచినదెల్ల గ్రంథముగా వ్రాసెను. ఒడ్డునకు వచ్చిన ఆ కాయ రాజుసొత్తని అతడు చెప్పినాడు. ఎవడైన నకస్మాత్తుగా ధనవంతుడైనచో, వీనికి కాయ దొరికినదని ఇరుగుపొరుగువా రనుకొనెడివారట. దొరికిన వస్తువు భాగ్యముతోపాటు అనుమానమును గూడ ఇంటికి దెచ్చె నన్నమాట.

దాని కంత విలువ యేల? అది విషమునకు విరుగుడని లోకము నమ్మెను. 1563లో గోవాలో అచ్చయిన తన గ్రంథమున గార్షియా ద ఓర్తా అను పోర్చుగీసు వైద్యుడు దీనినిగూర్చి చర్చించెను. విషప్రయోగమునకు వెరచు రాజులకు దాని చిప్పతో జేసిన పాత్రలు ప్రియమయ్యెను. రుడాల్ఫు చక్రవర్తి ఆస్థానమున 1602లో వెండికట్టుతో జేసిన పాత్ర యొకటి నేటికిని వియన్నా ప్రదర్శనశాలలో నున్నది. అదే చిప్ప ఫకీరుల చేతిలో భిక్షాపాత్రయు, కొందరు సాధువుల చేతిలో కమండలువును ఆయెను. చక్రవర్తికిని బైరాగికిని ఒక్క కాయయే పాత్ర నిచ్చినది!

చెట్టు కనబడనిచోట కథ మొలచును. సముద్రమధ్యమున నీటిలోనే యొక మహావృక్ష మున్నదనియు, దానిపై గరుడపక్షి గూడు కట్టుకొని, రాత్రులందు ఏనుగులను, పులులను గోళ్ళబట్టి తెచ్చుననియు మలయా, జావా ప్రాంతపు నావికులు చెప్పుకొనిరి. భారతము విన్నవారికి గజకచ్ఛపముల నెత్తుకొనిపోయిన గరుత్మంతుడు ఇచట తప్పక జ్ఞప్తికి వచ్చును. అంబోయినా ద్వీపమున నివసించి, చూపు పోయినను చెట్టుచేమల శాస్త్రమును వ్రాయించిన రంఫియస్ పండితుడు ఈ కథను గ్రంథస్థము చేసెను. గరుడుని మాట యెట్లున్నను, ఆ చెట్టు సముద్రములోనిదే యని యంతటి పండితుడును తలచి, 1702లో గతించెను.

ఇక 1768. మారిషసునుండి మారియన్ దుఫ్రేన్ పంపిన రెండు తెరచాప ఓడలు సీషెల్సు దీవులను కొలిచి పటములు వ్రాయుటకు బయలుదేరెను. ఒకదాని పేరు లా దీగ్. రెండవది లా క్యూరియూస్. ఆ నావికులకు ఓడయే ఇల్లు, వంటశాల, పడకటిల్లు. మంచినీటికి, వంటచెరకునకు, కొలతపనికి మాత్రము ఒడ్డు దిగెడివారు. అట్లు ప్రాలిన్ దీవిలో దిగిన బారే అను కొలతపని ఉద్యోగికి తీరమున జంటకాయ యొకటి కనబడెను. ఇదియు సముద్రము తెచ్చినదే యని అతడును తలచెను. కొన్ని దినములకు దీవి లోపలికి నడచి తలయెత్తి చూడగా, ఆ కాయలు చెట్లపై గెలలుగా వ్రేలాడుచుండెను. దొరకినచోటికి సుమారు రెండువేల కిలోమీటరుల దూరమున, గట్టినేలపై, వందలయేండ్ల రహస్యము నిలువునా నిలిచియుండెను.

ఆ చెట్టు మనకు పరాయిది గాదు. తాడిచెట్టునకు దగ్గరి చుట్టము. పోతుతాడి, పెంటితాడి వేరువేరుగా నున్నట్లే ఇందును మగచెట్టు, ఆడచెట్టు వేరు. లేతకాయలో ముంజవంటి గుజ్జుండును. కాయ పండుటకు ఆరేడేండ్లు పట్టును. గింజ ఇరువదియైదు కిలోల వరకు తూగును. లోకమునగల గింజలలో దీనికంటె పెద్దది లేదు. అంత బరువైన పచ్చికాయ నీట మునిగిపోవును. లోని పప్పు చెడి బోలుపడినదే తేలును. కావుననే దూరతీరములకు జేరిన వన్నియు జీవములేని కాయలయ్యెను, నాటినను మొలవకపోయెను.

ఇందొక చిత్రమున్నది. పికో అను నావికుడు 1744లోనే ఆ దీవిని జూచి తాళద్వీపమని పేరు పెట్టెను. అయినను కాయ రహస్యము బయటపడలేదు. కాయ దొరికినవారు చెట్టును జూడలేదు. చెట్టును జూచినవాడు దానిని కాయ కథతో ముడిపెట్టలేదు. రెండు తెలివులు ఒక్కచోట కలియుటకు మరి యిరువదినాలు గేండ్లు పట్టెను. ఆ కలయికకు తగిన చోటు గ్రంథాలయము. ఒకడు చూచినది మరియొకడు వినుట, ఒక తరము అడిగినదానికి మరియొక తరము బదులు చెప్పుట ఇచ్చటనే సాధ్యమగును.

అయితే తెలివి కలిగినతోడనే మేలు కలుగునా? మరుసటి సంవత్సరమే, అనగా 1769లో, దుషెమాన్ అను నావికుడు ఓడనిండ ఆ కాయలు వేసికొని హిందూదేశమున కమ్మెను. సరకు వెల్లువయై ధర పడిపోయెను. రాజులు దాచిన వస్తువు అంగడి సరకయ్యెను. రహస్యము తెలిసినవారు మొదట చేసినపని చెట్టును కాచుట గాదు, కాయల నమ్ముట. నేడు ఆ చెట్టు సహజముగా పెరుగునది ప్రాలిన్, క్యూరియూస్ అను రెండు దీవులలో మాత్రమే. అదియు అంతరించు నపాయములో నున్నది. ప్రాలిన్‌లోని మే లోయను 1983లో ప్రపంచ వారసత్వస్థలముగా జేర్చిరి. అనుమతిపత్రము లేక కాయను దేశము దాటింపరాదని ఆ ప్రభుత్వ నిబంధన. బుద్ధి వచ్చినది గాని, ఆలస్యముగ వచ్చినది.

సోదరులారా! మన యూళ్ళకు సముద్రము దూరమైనను, కాలప్రవాహము నిత్యము ఏదో యొకటి ఒడ్డున వేయుచునే యున్నది. నాగటిచాలున పాతనాణెము బయల్పడును. చాకిరేవు బండపై అక్షరములు కనబడును. అటకమీద తాటియాకుల గ్రంథము చెదలు తినుచుండును. ఆ తాటియాకు ఈ చెట్టునకు చుట్టమే గదా! అట్టివి దొరకినపుడు దీని కెంత వచ్చునని యడుగుటకు ముందు, ఇది యెక్కడిది యని యడుగుడు. అమ్మకుడు, పారవేయకుడు. దొరకినచోటును దినమును వ్రాసి గ్రంథాలయమునకు దెచ్చి చూపుడు. నేడు జవాబు చెప్పువాడు లేకున్నను, ప్రశ్న భద్రముగా నుండును. ఏనాడో చెట్టును జూచినవా డొకడు ఈ గడప త్రొక్కకపోడు.